ఇంటర్నేషనల్ బిజినెస్ లాలో ఎల్‌ఎల్‌ఎం: అపోహలు, వాస్తవాలు

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే చాలు, మా రంగం గురించి ఇవే మాటలు మళ్లీ మళ్లీ వినపడతాయి. అవి నమ్మి అప్పు చేసి మరీ చేరేవాళ్లున్నారు, అందుకే రాస్తున్నాను.

అపోహ: ఈ డిగ్రీ ఉంటే ఏ దేశంలోనైనా ప్రాక్టీసు చేసుకోవచ్చు.

లేదండీ. డిగ్రీ వేరు, లైసెన్సు వేరు. న్యూయార్క్ సంగతే చూడండి. బయట లా చదివినవాళ్లలో కొందరు అమెరికాలో ఎల్‌ఎల్‌ఎం చేసి అక్కడి బార్ పరీక్షకు, అంటే లాయరు లైసెన్సు పరీక్షకు, అర్హత తెచ్చుకోవచ్చు, కానీ కోర్సులో కనీసం 24 క్రెడిట్లు ఉండాలి, అందులో వృత్తి నియమావళి, లీగల్ రీసెర్చ్, అమెరికన్ న్యాయవ్యవస్థ, బార్‌లో అడిగే సబ్జెక్టులు కొన్ని తప్పనిసరి. ఇష్టం కదా అని అన్నీ అంతర్జాతీయ సబ్జెక్టులే తీసుకుంటే చేతికి పట్టా వస్తుంది, పరీక్ష రాసే అర్హత మాత్రం రాదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ అనే రకం లాయరు కావాలంటే మామూలుగా 2021లో మొదలైన ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్ష రాయాలి, దానికి ఎల్‌ఎల్‌ఎం అక్కర్లేదు. ఎక్కడ పనిచేయాలో ముందు తేల్చుకోండి, కోర్సు తర్వాత.

అపోహ: అన్ని దేశాల చట్టాలూ బట్టీ పట్టాలి.

అది ఎవరి వల్లా కాదు. ఏ చట్టం వర్తిస్తుందో పట్టుకోవడమే అసలు చదువు. ఒక జర్మన్ కంపెనీ ఫ్రెంచ్ కంపెనీకి యంత్రాలు అమ్మిందనుకోండి. కాంట్రాక్టు చివర్లో ఒకే లైను: ఈ ఒప్పందానికి ఫ్రెంచ్ చట్టం వర్తిస్తుంది. కొత్తవాళ్లు వెంటనే ఫ్రెంచ్ సివిల్ కోడ్ తెరుస్తారు. ముందు తెరవాల్సింది సరుకుల అమ్మకాలపై 1980 నాటి వియన్నా ఒప్పందం, అంటే సీఐఎస్‌జీ. ఫ్రాన్స్ అందులో చేరింది కాబట్టి అది కూడా ఫ్రెంచ్ చట్టంలో భాగమే. వద్దనుకుంటే ఆర్టికల్ 6 ప్రకారం పక్కన పెట్టుకోవచ్చు, కానీ ఆ సంగతి స్పష్టంగా రాసుకోవాలి. ఇక్కడ పొరపడితే నిజంగా డబ్బు పోతుంది: యంత్రంలో లోపం బయటపడ్డాక కొన్నవాళ్లు సహేతుకమైన గడువులో అమ్మినవాళ్లకు తెలియజేయాలని, గ్యారంటీలో వేరే గడువు లేకపోతే సరుకు చేతికందిన రెండేళ్లు దాటకూడదని ఆర్టికల్ 39 చెబుతుంది. ఊరుకుంటే మామూలుగా హక్కే పోతుంది. బ్రిటన్ ఈ ఒప్పందంలో చేరలేదు, కాబట్టి అదే లైనులో ఇంగ్లిష్ చట్టం అని ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది.

అపోహ: కంపెనీల గొడవలు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తాయి.

వెళ్లవు. అక్కడ కేసులు దేశాల మధ్యే. కంపెనీలు ఎక్కువగా ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తులు తీర్పు చెప్పే పద్ధతికి, వెళ్తాయి, దానికి పెద్ద కారణం 1958 నాటి న్యూయార్క్ కన్వెన్షన్. ఒక చోట వచ్చిన అవార్డును, అంటే మధ్యవర్తుల తీర్పును, 170కి పైగా దేశాల్లో అమలు చేయమని అడగొచ్చు, కాదనడానికి కోర్టులకు ఉన్న కారణాలు కొన్నే. కోర్టు తీర్పుకు ఇంత విస్తృతమైన దారి లేదు. ఆర్బిట్రేషన్ పేపరు ఆప్షనల్ అని దయచేసి వదిలేయకండి.

అపోహ: ఇంగ్లిష్ బాగా వస్తే డ్రాఫ్టింగ్, అంటే కాంట్రాక్టులు రాయడం, వచ్చేసినట్టే.

భాష ఒక్కటే చాలదు. అంతర్జాతీయ అమ్మకాల్లో వాడే ప్రామాణిక షరతులైన ఇన్‌కోటర్మ్స్‌లో సీఐఎఫ్ (సరుకు ధర, ఇన్సూరెన్స్, ఓడ కిరాయి) అనే మూడక్షరాలు చూడండి. గమ్యం రేవు దాకా ఓడ కిరాయి అమ్మినవాళ్లే కడతారు కదా, అక్కడిదాకా బాధ్యత కూడా వాళ్లదే అనుకుంటారు చాలామంది. కానీ బయల్దేరే రేవులో సరుకు ఓడ ఎక్కగానే రిస్కు కొన్నవాళ్ల మీద పడుతుంది. నడిసముద్రంలో సరుకు పాడైతే వాళ్లకు ప్రధానంగా మిగిలేది ఇన్సూరెన్స్ క్లెయిమే, అది కూడా కాంట్రాక్టులో ఇంకేమీ రాసుకోకపోతే కనీస స్థాయి కవరే.