మూతపడ్డ జర్మన్ కార్ల బ్రాండ్‌ను మళ్లీ లేపడం: అపోహలు - వాస్తవాలు

కొత్త మోడల్ కారు రోడ్డెక్కాలంటే ముందు సాధించాల్సిన ప్రభుత్వ ఆమోదాలు ఉంటాయి. జర్మనీలో నేను చేసేది ఆ పనే, హోమోలోగేషన్ అంటారు. ఇది తెలిసిన స్నేహితులు ఒకే రకం వార్తలు పంపుతుంటారు: "అరవై ఏళ్ల కిందట మూతపడ్డ ఫలానా కంపెనీ మళ్లీ వస్తోందట, చూశావా?" చూస్తూనే ఉంటాను. ఎక్కువ భాగం ఒక లోగో, కంప్యూటర్‌లో గీసిన ఒక బొమ్మ దగ్గరే ఆగిపోతాయి. షోరూమ్ దాకా వెళ్లిన వాటిలో బాగా పెద్ద ప్రయత్నం బ్రెమెన్ నగరపు పాత కార్ల కంపెనీ బోర్గ్‌వార్డ్‌ది. అందుకే ఈ పోస్టు చాలావరకు దాని చుట్టూనే తిరుగుతుంది.

అపోహ: కార్లు బాగోలేకే పాత కంపెనీ మూతపడి ఉంటుంది.

బోర్గ్‌వార్డ్ విషయంలో ఈ మాట సగం కూడా నిజం కాదు. కార్ల్ బోర్గ్‌వార్డ్ 1924లో బ్రెమెన్‌లో చిన్న మూడు చక్రాల సరుకు బండితో మొదలుపెట్టాడు. యుద్ధం తర్వాత, 1949లో, ఆయన తెచ్చిన హన్సా 1500 పాత మోడల్‌కు మెరుగులు దిద్దింది కాదు, మొదటి నుంచీ కొత్తగా గీసిన కారు. 1954లో వచ్చిన ఇసబెల్లా రెండు లక్షలకు పైగా తయారైంది. ఆ తర్వాత వచ్చిన పెద్ద కారు పీ100లో గాలి సస్పెన్షన్ కూడా ఉండేది.

మరి ఎందుకు మునిగింది? బోర్గ్‌వార్డ్, గోలియత్, లాయిడ్ అని ఒకే యజమాని కింద మూడు కంపెనీలు నడిచేవి. ఎవరి కొనుగోళ్లు వారివి, ఎవరి డిజైన్లు వారివి. అమ్మే సంఖ్యకు మించి మోడళ్లు ఉండేవి. లాయిడ్ అరబెల్లా మొదటి కార్లలో నీళ్లు కారే లోపం బయటపడి, మరమ్మతుల ఖర్చు కంపెనీ నెత్తిన పడింది. 1960లో అమెరికాకు చేసే ఎగుమతులు దెబ్బతిన్నాయి. చేతిలో నగదు లేక బ్రెమెన్ రాష్ట్ర ప్రభుత్వ పూచీతో అప్పులు తెచ్చారు. 1961 మొదట్లో ప్రభుత్వం ఇక పూచీ పడనంది, కార్ల్ కంపెనీని రాష్ట్రం చేతుల్లో పెట్టాల్సి వచ్చింది, అదే ఏడాది దివాలా తీసింది. ఆయన 1963లో చనిపోయాడు. దివాలా తర్వాత కంపెనీ ఆస్తులతోనే అప్పులవాళ్ల బాకీలు తీరిపోవడంతో, కావాలనే ముంచారా అన్న వాదన అక్కడ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఆ కుట్ర కథలు నాకు పెద్దగా రుచించవు. మూడు కంపెనీల ఖర్చును ఒకే చిన్న గల్లాపెట్టె మీద మోపితే ఏమవుతుందో చెప్పడానికి కుట్ర అక్కర్లేదు.

బ్రెమెన్‌లోని ఆ సెబాల్డ్స్‌బ్రూక్ ఫ్యాక్టరీలో ఇప్పుడు మెర్సిడెస్ కార్లు తయారవుతున్నాయి.

అపోహ: అన్నేళ్లు వాడని పేరు ఎవరిదీ కాదు. ఎవరైనా రిజిస్టర్ చేసుకోవచ్చు.

ఐరోపా చట్టంలో ఈ ఆశకు తావిచ్చే నిబంధన ఒకటుంది. ట్రేడ్‌మార్క్‌ను వరసగా ఐదేళ్లు నిజంగా వాడకపోతే దాన్ని రద్దు చేయమని ఎవరైనా అడగొచ్చు. కొత్త దరఖాస్తు ఫీజు కూడా ఒక తరగతికి (అంటే ఒక రకం సరుకులకు) 850 యూరోలే. దీంతో చాలామంది పొంగిపోతారు.

చిక్కంతా ఆ 'వాడకం' ఏమిటన్న దగ్గర ఉంది. ఫెరారీ టెస్టరోసా ఉత్పత్తి 1996లోనే ఆగిపోయింది. దాని ట్రేడ్‌మార్క్ మీద నడిచిన కేసులో ఐరోపా న్యాయస్థానం 2020లో తేల్చిందేమిటంటే, అదే పేరుతో విడిభాగాలు అమ్మినా వాడినట్టే లెక్కకు రావచ్చు. అంటే కారు చచ్చిపోయినా బ్రేకు ప్యాడ్లు బతికుంటే పేరూ బతికుండొచ్చు. ఇంకో మెలిక దురుద్దేశం. ఫ్రాన్స్ కారు సిమ్కా పేరును వేరే వాళ్లు రిజిస్టర్ చేసుకుంటే, పాత పేరు పలుకుబడిని వాడుకోవాలని చూశారంటూ 2014లో కోర్టు సిమ్కా పేరు చేతిలో ఉన్న పెజో గ్రూపు వైపే నిలబడింది. నెహెరా అనే పాత చెక్ బట్టల బ్రాండ్ విషయంలో మాత్రం 2022లో తీర్పు ఎదురు వైపు తిరిగింది. ఆ పేరు జనానికి గుర్తే లేదు కాబట్టి మళ్లీ వాడుకోవడం తప్పు కాదంది.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. జనానికి గుర్తున్న పేరు మీకు దక్కదు, దక్కే పేరు జనానికి గుర్తుండదు. ఈ వ్యాపారంలో నాకు బాగా నచ్చే తమాషా ఇదే.

అపోహ: పేరుంది, వారసుడున్నాడు, పెట్టుబడి ఉంది. ఇంకేం కావాలి?

బోర్గ్‌వార్డ్‌కు ఈ మూడూ దొరికాయి. కార్ల్ మనవడు క్రిస్టియన్ బోర్గ్‌వార్డ్ 2008లో స్విట్జర్లాండ్‌లో కంపెనీ పెట్టాడు. చైనా ట్రక్కుల కంపెనీ ఫోటన్ 2014లో ఆ బ్రాండ్‌ను కొన్నది. అప్పట్లో వార్తల్లో వచ్చిన ధర 50 లక్షల యూరోలు. కార్ల రంగంలో ఇది చిల్లర. కొత్త మోడల్ ఒక్కదాని అభివృద్ధికే వందల కోట్ల రూపాయల నుంచి వేల కోట్ల దాకా అవుతుంది. బేరంలో అన్నిటికంటే చవక సరుకు పేరే.

2015 జెనీవా షోలో బ్రాండ్‌ను ప్రకటించారు. అదే ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్‌లో బీఎక్స్7 ఎస్‌యూవీని చూపించారు. ఆఫీసు స్టట్‌గార్ట్‌లో, తయారీ బీజింగ్ దగ్గర. 2020 నాటికి ఏడాదికి 8 లక్షల కార్లన్నారు. బ్రెమెన్‌లోనే ఫ్యాక్టరీ కడతామన్నారు. ఆ ఫ్యాక్టరీ రానేలేదు. 2016 నుంచి చైనాలో కార్లు అమ్మారు గానీ ఏ సంవత్సరం అమ్మకాలూ లక్ష దాటలేదు. ఐరోపాలో అమ్మకాలు నామమాత్రం.

బండి మరీ చెత్తదేమీ కాదు. అడ్రసే తప్పు. ఇసబెల్లా గుర్తున్న జర్మన్ అప్పటికి ఎనభైకి దగ్గర పడ్డాడు. చైనా కొనుగోలుదారుడికి ఇసబెల్లా ఎవరో తెలియదు. అతనికి 'జర్మన్ బ్రాండ్' అని చెబితే, అదే ఊళ్లో అసలైన జర్మన్ షోరూమ్‌లు పక్కనే ఉన్నాయి. వాటికంటే తక్కువ ధర పెడితే స్థానిక కంపెనీలు ఇంకా తక్కువకు ఇస్తున్నాయి. మధ్యలో ఇరుక్కుపోయింది.

ఫోటన్ చివరికి 67 శాతం వాటా వదిలించుకుంది. అది అద్దె కార్ల సంస్థ యూకార్ వర్గం చేతికి వెళ్లింది. యూకార్ అధిపతే అప్పట్లో చైనా కాఫీ షాపుల సంస్థ లకిన్ కాఫీకి కూడా ఛైర్మన్. 2020లో లకిన్ లెక్కల మోసం బయటపడ్డాక అటు నుంచి డబ్బు వచ్చే దారి మూసుకుపోయింది. 2022లో బోర్గ్‌వార్డ్ రెండోసారి దివాలా.

అపోహ: అయితే చచ్చిన బ్రాండ్ బతకదన్న మాట.

బతికినవి మన కళ్ల ముందే తిరుగుతున్నాయి, గమనించం అంతే. ఆడి కార్లు 1940 ప్రాంతంలో ఆగిపోయాయి. పాతికేళ్ల తర్వాత, 1965లో, ఆడి పేరు చేతిలో ఉన్న జర్మన్ కంపెనీ ఆటో యూనియన్ వాళ్లు తమ డీకేడబ్ల్యూ బ్రాండ్ బండికి ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పెట్టారు. డీకేడబ్ల్యూ అంటే పొగ కక్కే టూ స్ట్రోక్ అని జనంలో పడిపోయింది. అందుకని అటకమీది ఆడి పేరు దించి తగిలించారు. అప్పటికే ఇంజన్ సిద్ధం, ఇంగోల్‌స్టాట్ ఫ్యాక్టరీ సిద్ధం, డీలర్లు సిద్ధం, వెనక ఫోక్స్‌వ్యాగన్ ఉంది. పేరు చివరగా వచ్చింది. బోర్గ్‌వార్డ్ రెండో జన్మలో అది మొదట వచ్చింది.

పాత జర్మన్ విలాస కార్ల బ్రాండ్ మేబాక్ కథలో రెండు పాఠాలూ ఉన్నాయి. 2002లో మెర్సిడెస్ వాళ్లు దాన్ని విడి బ్రాండ్‌గా మళ్లీ తెస్తే పదేళ్లలో 3,000 కార్లు అటూ ఇటూగా అమ్ముడయ్యాయి, మూసేశారు. 2014లో తమ పెద్ద కారు ఎస్-క్లాస్ మీదే, మెర్సిడెస్ షోరూమ్‌లోనే, మెర్సిడెస్-మేబాక్ అని తెస్తే నిలబడింది. హైదరాబాద్‌లో అప్పుడప్పుడు కనబడేవి ఈ రెండో రకమే.

పనిలో పనిగా ఇంకొకటి. తిరుపతికో శ్రీశైలానికో ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లాలంటే మనవాళ్లు టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటారు కదా, ఆ టెంపో కూడా అంతరించిన జర్మన్ బ్రాండే. హాంబుర్గ్‌లోని విడాల్ అండ్ జోన్ కంపెనీది. వాళ్ల మూడు చక్రాల బండిని మన దేశంలో బజాజ్ టెంపో 1958 నుంచి చేసింది. ఆ కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. జర్మనీలో ఆ పేరు పాత బండ్ల మ్యూజియాల్లో ఉంది, మన ఊళ్లో బస్టాండు పక్కన ఉంది.

అపోహ: పాత డిజైన్‌నే అచ్చంగా మళ్లీ తయారుచేస్తే పాత అభిమానులు ఎగబడి కొంటారు.

నా పని సరిగ్గా ఇక్కడే అడ్డొస్తుంది. 2024 జులై నుంచి ఐరోపా యూనియన్‌లో రిజిస్టర్ అయ్యే ప్రతి కొత్త కారులో ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్, లేన్ తప్పితే సరిదిద్దే వ్యవస్థ, వేగ హెచ్చరిక, ప్రమాద డేటా రికార్డర్ ఉండాలి. సైబర్ సెక్యూరిటీ ఆమోదం వేరే. పైకప్పును మోసే ఇసబెల్లా సన్నటి పిల్లర్లతో, ఆ ముక్కుతో నేటి క్రాష్ టెస్టు గట్టెక్కడం జరిగే పని కాదు. చిన్న తయారీదారులకు మినహాయింపు దారి ఉంది: ఏడాదికి ఒక్కో రకం 1,500 కార్ల లోపు. కొన్ని పరీక్షలు సులువవుతాయి. కానీ 1,500 కార్ల మీద ఖర్చు రాబట్టాలంటే ధర ఎక్కడికి వెళ్తుందో ఊహించుకోండి. ఆ ధరకు, బాగుచేసిన అసలు ఇసబెల్లాయే చవగ్గా దొరుకుతుంది.

అపోహ: ఎలక్ట్రిక్ అయితే ఇంజన్ గొడవ ఉండదు, చిన్న కంపెనీకి సులువు.

ఆఖెన్‌లోని ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ ఈ.గో 2020లో ఒకసారి, 2024లో మరోసారి చేతులెత్తేసింది. మ్యూనిక్‌లోని సోనో మోటార్స్ సోలార్ కారు సియోన్‌ను 2023లో ఆపేసింది. రెండింటి దగ్గరా ఇంజన్ సమస్య లేదు, డబ్బు సమస్యే.

అపోహ: కొత్త కంపెనీ వస్తే పాత కార్లున్న వాళ్లకు విడిభాగాల టెన్షన్ తీరుతుంది.

తీరదు. పేరు కొన్నవాడికి పాత అచ్చులు రావు. పీ100 యంత్రాలు ఎప్పుడో మెక్సికోకు అమ్ముడుపోయాయి. మోంటెర్రేలో 1970 దాకా ఆ కారును తయారుచేశారు కూడా. ఇసబెల్లా ఉన్నవాళ్లు అప్పుడూ ఇప్పుడూ విడిభాగాల కోసం అడిగేది ఓనర్ల క్లబ్బుల్నే. ఎవరి గ్యారేజీలో ఏ డోర్ హ్యాండిల్ మిగిలి ఉందో వాళ్లకు తెలుసు.