మీకు పాఠం చెప్పేవారిని ఎలా ఎంపిక చేస్తారు?

గుంటూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ పెట్టుకోవాలని మీరంతా రాశారు. ప్యాకేజీల గురించి అడిగారు, హాస్టల్ గురించి అడిగారు. అక్కడ పాఠం చెప్పేది ఎవరు, వాళ్లను ఎవరు ఎంపిక చేస్తారు అని మాత్రం మీలో ఒక్కరే అడిగారు. ముందు ఆ ప్రశ్నకే జవాబు రాస్తాను. ఎంపిక కమిటీల్లో సబ్జెక్టు నిపుణుడిగా కూర్చున్నవాణ్ణి కనుక లోపల ఏం జరుగుతుందో చెప్పగలను. మీలో ఇద్దరికి ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ (సంస్థల పనికి కంప్యూటర్లను ఎలా వాడుకోవాలో చెప్పే చదువు) మీద మనసు ఉంది కాబట్టి ఆ సబ్జెక్టునే తీసుకుంటాను.

విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. మామూలుగా జాతీయ స్థాయి అర్హత పరీక్ష నెట్ గానీ, రాష్ట్ర స్థాయి పరీక్ష సెట్ గానీ పాసవ్వాలి. మన రాష్ట్రంలో సెట్ నిర్వహించేది ఆంధ్ర విశ్వవిద్యాలయం. పీహెచ్‌డీ 2023 జూలై నుంచి తప్పనిసరి కాదు. ఇంజినీరింగ్ కాలేజీలకైతే, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ లెక్క వేరు: బీటెక్, ఎంటెక్ రెండూ ఉండాలి, వాటిలో ఒకటైనా ఫస్ట్ క్లాసులో పాసై ఉండాలి. ప్రారంభ మూల వేతనం నెలకు 57,700 రూపాయలు.

దరఖాస్తులు వచ్చాక డిగ్రీలు, పరిశోధన వ్యాసాలు, అనుభవం చూసి మార్కులు వేస్తారు. అయితే విశ్వవిద్యాలయాల్లో ఆ మార్కులు ఇంటర్వ్యూకు పిలవడం వరకే పనికివస్తాయి. తుది ఎంపిక ఇంటర్వ్యూను బట్టే జరగాలని ఆ నిబంధనల్లోనే ఉంది. అంటే ఇరవై ఏళ్ల చదువు ఒక ఎత్తు, ఆ గదిలో గడిపే కాసేపు ఒక ఎత్తు. అందుకే ఆ గదిలో ఎవరు కూర్చుంటారన్నది నాకు చాలా ముఖ్యం. వైస్ చాన్స్‌లర్, చాన్స్‌లర్ తరఫున ఒక ప్రొఫెసర్, డీన్, శాఖాధిపతి, ముగ్గురు సబ్జెక్టు నిపుణులు ఉంటారు. బయటి నిపుణులు కనీసం ఇద్దరు లేకుండా కోరం పూర్తికాదు. ఇది చాలా మంచి నియమం. శాఖలో ఇష్టాయిష్టాలు ఎలా ఉన్నా, బయటి నుంచి వచ్చినవాడు అభ్యర్థి చెప్పిన పాఠాన్ని బట్టే మాట్లాడగలడు.

ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌తో వచ్చే అసలు చిక్కు వేరే ఉంది. 1960లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గోర్డన్ డేవిస్ వంటివారు దీన్ని ఒక ప్రత్యేక చదువుగా నిలబెట్టారు. మన నెట్ పరీక్షలో మాత్రం ఆ పేరుతో సబ్జెక్టు లేదు. కొందరు కంప్యూటర్ సైన్స్ రాసి వస్తారు, కొందరు మేనేజ్‌మెంట్ రాసి వస్తారు. మొదటివారిలో చాలామందికి ప్రోగ్రాము రాయడం కొట్టినపిండి, ఆఫీసులో ఆ ప్రోగ్రాముతో పనిచేసే గుమాస్తా ఇబ్బంది తెలియదు. రెండోవారు సంస్థల గురించి చక్కగా మాట్లాడతారు, ఒక పట్టిక గీయమంటే తడబడతారు. ఈ సబ్జెక్టు చెప్పేవారికి రెండూ కావాలి. సర్టిఫికెట్లు తిరగేస్తే అది తెలియదు. పాఠం చెప్పించి చూడాల్సిందే.

ఒకసారి ఒక అభ్యర్థినిని డేటాబేస్ డిజైన్ చెప్పమన్నాం. ఎదురుగా మాతో పాటు డిగ్రీ పిల్లలు కూడా ఉన్నారు. ఆమె నిర్వచనాల జోలికి పోకుండా మన మిర్చి యార్డును బోర్డు మీదికి తెచ్చింది. "ఒక రైతు 40 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చాడు. 25 ఒక వ్యాపారి కొన్నాడు, 15 ఇంకొకరు కొన్నారు. ఒక్క వరుసలోనే రాస్తే రెండో వ్యాపారి పేరు ఎక్కడ పెడతారు?" అని అడిగింది. ఒక కుర్రాడు లేచి ఇంకో గడి గీద్దామన్నాడు. "మూడోవాడు వస్తే?" అంది. పిల్లలు వాళ్లంతట వాళ్లే రైతుకు ఒక పట్టిక, సరుకుకు ఒక పట్టిక, అమ్మకానికి ఒక పట్టిక విడదీశారు. ఆ తర్వాత, కాటా దగ్గర బరువు నమోదు చేసేవాడికే ధర మార్చే అధికారం కూడా ఇస్తే ఏమవుతుందని అడిగింది. క్లాసంతా ఒక్కసారి నిటారుగా కూర్చుంది. పట్టిక గీయడం దగ్గర మొదలైన పాఠం రైతుకు రావాల్సిన డబ్బు దాకా వెళ్లింది. నాకు ఇంకే ప్రశ్నా అడగాలనిపించలేదు.

విదేశాల్లో చాలాచోట్ల అభ్యర్థిని ఒకటి రెండు రోజులు క్యాంపస్‌లోనే ఉంచి, పరిశోధన మీద ప్రసంగం చేయిస్తారు, అధ్యాపకులందరితో విడివిడిగా మాట్లాడిస్తారు. ఈ రంగంలో 1980 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ సమావేశం 2023 డిసెంబరులో హైదరాబాద్‌కు వచ్చింది. విశ్వవిద్యాలయాలూ, ఉద్యోగం వెతుక్కునే పరిశోధకులూ అక్కడే ఒకరినొకరు చూసుకుంటారు. మన దగ్గర ఒక్క పూటలో ఎంతోమందిని చూసి పంపేయడం నాకు బాధగా ఉంటుంది. అంతకన్నా బాధ, ఖాళీలు ఏళ్ల తరబడి నింపకుండా అతిథి అధ్యాపకులతో నెట్టుకురావడం. గంటల లెక్కన జీతం తీసుకుంటూ, వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియని మనిషిని కొత్త పాఠం తయారుచేసుకోమని ఏ ముఖంతో అడుగుతాం?

ఇక మీ సంగతి. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు అధ్యాపకుల జాబితా అడగండి. దాన్ని బయటపెట్టడం వాళ్ల బాధ్యత. ఏఐసీటీఈ ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి, లెక్క వేసుకోండి. జాబితాలో ఉన్నవారే క్లాసుకు వస్తున్నారా, సెమిస్టర్ మధ్యలో ఎందరు మారారు అన్నది రెండో ఏడాది పిల్లలను క్యాంటీన్‌లో అడిగితే దాపరికం లేకుండా చెబుతారు. కంచికచర్ల కాలేజీ అయినా, చౌడవరం కాలేజీ అయినా, కానూరు కాలేజీ అయినా ఇదే అడగండి. విన్నది నాకు రాయండి, కలిసి చూద్దాం. ఆప్షన్లు పెట్టే గడువు లోపలే రాయండి.

మీ తాతయ్య