ముద్ద చర్మ వ్యాధి వైరస్ జన్యువులు: అపోహలు - వాస్తవాలు

మా ప్రయోగశాలకు పశువుల ఒంటి మీద గడ్డలు తేల్చే ముద్ద చర్మ వ్యాధి (లంపీ స్కిన్) నమూనా వచ్చిన ప్రతిసారీ దాని వెంట ఒక ప్రశ్న కూడా వస్తుంది: "సార్, వైరస్ మారిపోయిందట కదా, ఇక టీకా ఎందుకు?" వైరస్‌లో తేడాలు ఉన్న మాట నిజమే. ఆ మాట పట్టుకుని మందకు టీకా మానేస్తున్నారే, నా దిగులంతా దాని గురించే.

అపోహ: ఇది కరోనాలాగా నెలకో రూపం మారుస్తుంది.

కరోనాది త్వరగా మారే ఆర్‌ఎన్‌ఏ వైరస్. ఇది డీఎన్‌ఏ వైరస్, గొర్రెల మశూచి, మేకల మశూచి వైరస్‌లకు దగ్గరి చుట్టం. దాని జన్యుక్రమం సుమారు 1.51 లక్షల అక్షరాల పొడవు ఉంటుంది. ఇలాంటి వైరస్‌లలో మార్పులు చాలా నెమ్మదిగా పేరుకుంటాయి. 1929లో జాంబియాలో తొలిసారి కనిపించిన ఈ వ్యాధి మన దేశంలో 2019లో ఒడిశాలో బయటపడింది.

అపోహ: అయితే దేశమంతటా తిరుగుతున్నది ఒకే వైరస్.

అదీ కాదు. 2022లో గుజరాత్, రాజస్థాన్ మొదలుకొని వ్యాధి చెలరేగినప్పుడు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు నాలుగు రాష్ట్రాల నుంచి తెచ్చిన 22 నమూనాల పూర్తి జన్యుక్రమాన్ని చదివారు. రెండు రకాలు తేలాయి. ఒకటి 2019 నాటి రాంచీ వైరస్‌కు, 2020 నాటి హైదరాబాద్ వైరస్‌కు దగ్గరగా ఉంది. తేడాలు ఎక్కువగా ఉన్న రెండోది 2015లో రష్యాలో కనిపించిన వైరస్‌ను పోలి ఉంది.

మార్పు వచ్చే దారి ఇంకొకటి కూడా ఉంది. ఒకే పశువులోనో, ఒకే టీకా సీసాలోనో రెండు రకాలు కలిస్తే జన్యువులు ముక్కలుగా అతుక్కుని కొత్త సంకరం పుట్టవచ్చు. కజకిస్థాన్‌లో వాడిన ఒక టీకాలో వేర్వేరు వైరస్‌లు కలిసిపోయి ఉన్నాయి. 2017లో రష్యాలోని సరాటోవ్‌లో దొరికిన సంకర వైరస్ మూలం అలాంటి టీకాయేనని జన్యు విశ్లేషణలు చూపాయి. ఆ కోవకు చెందిన వైరస్‌లే తర్వాత చైనా, వియత్నాం, థాయిలాండ్‌లలో కనిపించాయి. ఇలాంటి వైరస్‌ను ఒకే జన్యువు చూసి పోల్చుకోలేం. ఒక జన్యువు చూస్తే టీకా వైరస్ అనిపిస్తుంది, మరొకటి చూస్తే బయట తిరిగే వైరస్ అనిపిస్తుంది. అందుకే ఒక్క చిన్న ముక్క చదివి ఇచ్చిన నివేదికను చివరి మాటగా తీసుకోవద్దని తోటి వైద్యులకు చెబుతుంటాను.

పేర్లను కూడా గుడ్డిగా నమ్మలేం. కెన్యా గొర్రెల, మేకల మశూచి టీకాగా చాలా ఏళ్లు వాడిన ఒక వైరస్, జన్యువులు చదివి చూస్తే ముద్ద చర్మ వ్యాధి వైరసే అని తేలింది.

అపోహ: వైరస్ మారింది కాబట్టి టీకా దండగ.

నేను గట్టిగా కాదనేది ఈ మాటనే. జన్యువుల్లో ఎన్ని శాఖలున్నా రోగనిరోధక శక్తికి అవన్నీ ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. నీత్లింగ్ అనే దక్షిణాఫ్రికా ముద్ద చర్మ వ్యాధి వైరస్‌ను బలహీనపరచి చేసిన టీకా ఒక శాఖకు చెందితే, బాల్కన్ దేశాలను 2016లో కుదిపేసిన వైరస్ మరో శాఖది. అయినా సామూహికంగా ఆ టీకా వేశాక, మరుసటి ఏడాదికే అక్కడ వ్యాధి దాదాపు 95 శాతం తగ్గింది. మన దగ్గర పశువులకు వేసిన మేకల మశూచి టీకాలో ఉన్నది అసలు వేరే జాతి వైరస్. అదీ రక్షణ ఇచ్చింది. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ కలిసి 2022లో తెచ్చిన లంపీ-ప్రోవాక్‌ఇండ్ టీకాను రాంచీ వైరస్‌ను బలహీనపరచి తయారు చేశారు.

టీకా వేసిన వారానికే గడ్డలొస్తే టీకాను తప్పుపట్టకండి. పూర్తి రక్షణకు సుమారు మూడు వారాలు పడుతుంది. వైరస్ ఒంట్లో చేరాక గడ్డలు తేలడానికి నాలుగు వారాల దాకా పట్టవచ్చు. అంటే సూది పడేటప్పటికే ఆ ఆవులో వైరస్ ఉండి ఉండవచ్చు.

అపోహ: 2022లో అంత పెద్ద సంఖ్యలో పశువులు చనిపోవడానికి కొత్త రకమే కారణం.

ఆ ఏడాది దేశంలో లక్షన్నరకు పైగా పశువులు చనిపోయాయి. వైరస్‌లో తేడాలు కనబడగానే మరణాలకు అవే కారణమని చెప్పేస్తే తొందరపాటే. టీకా పడని మందలు, దోమలు, కుట్టే ఈగలు, ఆలస్యమైన చికిత్స, వాటి పాత్ర కూడా లెక్కించాలి.

అపోహ: పాలు తాగితే మనుషులకు అంటుకుంటుంది.

అంటుకోదు. ఇది మనుషులకు సోకే వ్యాధి కాదు. పాలు ఎప్పటిలాగే కాచి తాగండి.

ఇక నమూనా సంగతి. కిందటి వేసవిలో ఒక ఊరి నుంచి ఫార్మలిన్‌లో (కణజాలం కుళ్లకుండా వాడే మందు ద్రవం) ముంచిన పక్కులు వచ్చాయి. వాటి నుంచి వైరస్‌ను పెంచడం కుదరదు, జన్యువులు కూడా ముక్కలైపోతాయి. అంత దూరం మోసుకొచ్చిన మనిషికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమనిపించిందో! గడ్డ మీది ఎండిన పక్కును చేతొడుగులు వేసుకుని తీసి, ఏ ద్రవమూ పోయకుండా శుభ్రమైన డబ్బాలో మూత బిగించి, ఐసు పెట్టెలో పంపండి. ఎండిన పక్కులో వైరస్ 35 రోజుల వరకు బతుకుతుంది. మాకు పనికొచ్చేది ఆ గుణమే, కొట్టంలో రాలిన పక్కులతో ముప్పు వచ్చేదీ దానివల్లే. అందుకే నమూనా తీసిన చోట మిగిలినవన్నీ ఊడ్చి కాల్చేయండి.