థేమ్స్ మీద పడవ ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

లండన్‌లో తెలుగువాళ్ళకి ఊరు చూపించడం నా పని. ఎక్కువగా, పిల్లల దగ్గర రెండు మూడు నెలలు ఉందామని వచ్చిన అమ్మానాన్నలే నాతో వస్తారు. అందరి లిస్టులోనూ థేమ్స్ మీద పడవ ఉంటుంది. ఏ టికెట్ కొనాలి, ఎక్కడ ఎక్కాలి అని అందరూ అడుగుతారు. ఆ రోజు నదిలో పోటు ఎన్నింటికి అని అడిగేవాళ్ళు మాత్రం దాదాపు ఉండరు. నన్నడిగితే మొదట తెలుసుకోవాల్సింది అదే.

అపోహ: నది ఎప్పుడు చూసినా ఒకటే, మనకి వీలైన టైంకి వెళ్తే చాలు.

లండన్ సముద్రం ఒడ్డున లేదు. అయినా థేమ్స్‌కి ఇక్కడ ఆటుపోట్లు ఉన్నాయి, నీరు ఎక్కితే పోటు, దిగితే ఆటు. ఊరికి పడమరగా ఉన్న టెడింగ్టన్ దాకా పోటు ఎక్కుతుంది. లండన్ బ్రిడ్జి దగ్గర పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా కొన్ని రోజుల్లో 7 మీటర్ల వరకు ఉంటుంది. అంటే రెండంతస్తుల మేడంత. ఇలా రోజుకి రెండుసార్లు. పొద్దున గోడకి ఆనుకుని నిండుగా పారిన నది, మధ్యాహ్నం వెళ్ళేసరికి అంచుల్లో గులకరాళ్ళూ బురదా తేలి, బాగా కిందకి దిగిపోయి ఉంటుంది. మర్నాడు అదే టైంకి వెళ్తే కూడా అదే మట్టం ఉండదు, పోటు రోజుకి ముప్పావుగంట పైనే ఆలస్యమవుతుంది.

పడవ ఎక్కేవాళ్ళకి దీంతో పనేంటంటే, ఇక్కడి రేవులు నీటి మీద తేలుతుంటాయి. ఒడ్డు నుంచి రేవులోకి ఒక ఇనుప ర్యాంపు వేసి ఉంటుంది. పోటు మీద అది దాదాపు చదునుగా ఉంటుంది. ఆటులో రేవు కిందకి దిగిపోతుంది కాబట్టి ర్యాంపు బాగా వాలిపోతుంది. మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడని ఒకసారి సరిగ్గా ఆటు టైంకి తీసుకెళ్ళాను. ఆ రోజు పోటు టైముల పట్టిక చూసుకోకపోవడం నా తప్పు. ఆవిడ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక కాలు వేసి రెండో కాలు దాని పక్కకి తెచ్చుకుంటూ, మధ్యలో రెండుసార్లు ఆగి దిగారు. పడవలో కూర్చున్నాక కూడా ఆవిడ దృష్టి బయట లేదు. తిరిగి ఆ ర్యాంపు ఎక్కడమెలా అన్న టెన్షనే. ఆ రోజు నుంచి, పెద్దవాళ్ళుంటే ముందు పోటు టైం చూసి, దాని చుట్టూ మిగతా రోజు సర్దుతాను. పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ వెబ్‌సైట్‌లో ఈ పట్టికలు ఉచితంగా ఉంటాయి.

చూడటానికీ తేడా ఉంది. ఆటులో పడవ కింది డెక్కులో కూర్చుంటే చాలాచోట్ల రాతి గోడే ఎదురుగా ఉంటుంది. పోటు మీదైతే కూర్చున్నచోటు నుంచే ఒడ్డు కనపడుతుంది. ఒడ్డున నడిచేవాళ్ళకి మాత్రం ఇది తిరగబడుతుంది, ఆటులోనే ఎక్కువ సరదా. ఉత్తర ఒడ్డున విక్టోరియా ఎంబాంక్‌మెంట్ అనే గట్టు గోడ మీద నోట్లో పెద్ద రింగులతో కంచు సింహం తలలు వరసగా కనిపిస్తాయి. ఆ సింహాలు నీళ్ళు తాగితే లండన్ మునుగుతుందని ఇక్కడో పాత మాట. అసలు ఆ గోడ 1858 నాటి భరించలేని మురుగు వాసన తర్వాత, జోసెఫ్ బాజల్‌గెట్ అనే ఇంజినీరు కట్టించినది. లోపల మురుగు కాలువ, రైలు సొరంగం రెండూ పోతున్నాయి. దక్షిణ ఒడ్డున ఆటులో బయటపడే నేల మీద ఒకప్పుడు పొగాకు తాగిన మట్టి గొట్టాల ముక్కలు కూడా కనపడతాయి. చూడండి, కానీ ఏరకండి. అక్కడ వెతకాలంటే పర్మిట్ ఉండాలి.

అంతర్వేది వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ గోడ మీద తడి గీత చూసి, నేను నోరు తెరవకముందే, "పోటు తీసి గంటన్నర అయ్యుంటుంది బాబూ" అన్నారు. ఫోన్‌లో పట్టిక తీసి చూస్తే అంతే అయింది. మిగతా రోజంతా ఆయన నాకు చెప్తుంటే నేను విన్నాను.

అపోహ: నీళ్ళ రంగు చూడండి, ఇంత మురికి నదిలో ఏం బతుకుతాయి?

ఆ రంగు ఎక్కువగా ఒండ్రుది. పోటూ ఆటూ రోజుకి నాలుగుసార్లు అడుగున ఉన్న మట్టిని కలియబెడుతుంటే తేటపడే తీరిక ఉండదు. ఒకప్పుడు మీరన్న మాట నిజమే. 1957లో ఇక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళు ఈ నదిలో జీవం చచ్చిపోయిందని ప్రకటించారు. తర్వాత మురుగు శుద్ధి మెరుగుపడి, నది మెల్లగా తేరుకుంది. ఇప్పుడు సముద్రం పోటు తగిలే భాగంలో వందకి పైగా రకాల చేపలున్నాయి, సీల్స్ కూడా తిరుగుతాయి. గ్రీనిచ్ వైపు వెళ్ళేటప్పుడు నీళ్ళలో నల్లటి గుండ్రటి తల పైకి లేస్తే కుక్క అనుకోకండి. అలాగని ఈ నీళ్ళు తాగేవీ కావు, దిగేవీ కావు. గట్టి వాన పడినప్పుడు మురుగు పొంగి నదిలో కలిసేది. దాన్ని ఆపడానికే నది కింద 25 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. 2025లో అది పూర్తిగా వాడకంలోకి వచ్చింది.

అపోహ: లండన్ బ్రిడ్జి అంటే రెండు బురుజులున్న ఆ వంతెనే.

అది టవర్ బ్రిడ్జి, 1894లో కట్టింది. లండన్ బ్రిడ్జి దాని పక్కనే సాదాగా ఉండే కాంక్రీటు వంతెన, 1973లో తెరిచారు. దానికంటే ముందున్న 1831 నాటి వంతెనని ఒక అమెరికా వ్యాపారి 1968లో కొని, రాళ్ళు విప్పి అరిజోనాకి తీసుకుపోయాడు. కాబట్టి ఆ పేరు నమ్మి లండన్ బ్రిడ్జి స్టేషన్లో దిగితే, టవర్ బ్రిడ్జికి ఇంకాస్త నడవాలి.

ఇంకొకటి, మన పడవ వెళ్ళేటప్పుడు ఆ వంతెన తెరుచుకుంటుందని చాలామంది ఎదురుచూస్తారు. మనం ఎక్కే పడవలు పొట్టివి, మూసి ఉన్నా దాని కింద నుంచి పోతాయి. ఎత్తైన తెరచాప కొయ్యలున్న ఓడలకీ, పెద్ద ఓడలకీ తెరుస్తారు. ఏడాదికి దాదాపు 800 సార్లు. కనీసం 24 గంటల ముందు చెప్పాలి కాబట్టి టైములు ముందే వాళ్ళ వెబ్‌సైట్‌లో పెడతారు. అవి చూసుకుని వెళ్తే ఒడ్డున నిలబడే హాయిగా చూడొచ్చు.

అపోహ: పడవ ఎక్కాలంటే పెద్ద టూర్ టికెట్టే కొనాలి.

రెండు రకాల పడవలున్నాయి. ఒకటి చూపించడానికి నడిచేది, మైకులో ఏది ఏమిటో చెప్తారు. రెండోది ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు కూడా ఎక్కే థేమ్స్ క్లిప్పర్స్, నీటి మీద సిటీ బస్సు అనుకోండి. ఆయిస్టర్ కార్డుతోనో (ఇక్కడ బస్సులకీ రైళ్ళకీ వాడే కార్డు) బ్యాంకు కార్డుతోనో రేవులో ట్యాప్ చేసి ఎక్కొచ్చు. దిగేటప్పుడు మళ్ళీ ట్యాప్ చేయడం మర్చిపోకూడదు. బస్సులకీ ట్యూబు అనే భూగర్భ రైలుకీ ఉండే రోజువారీ గరిష్ఠ ఛార్జీ పరిమితిలోకి ఈ పడవ రాదు, అది తెలియక రాత్రి బిల్లు చూసి కంగారుపడతారు. మొదటిసారి వచ్చినవాళ్ళకి నేను చెప్పేది, వెళ్ళేటప్పుడు మైకు ఉన్న పడవ, వచ్చేటప్పుడు క్లిప్పర్. టవర్ బ్రిడ్జి దాటి తూర్పుకి వెళ్ళాక క్లిప్పర్ వేగం అందుకుంటుంది, పిల్లలకి అది బాగా నచ్చుతుంది.

పై డెక్కు కోసం తోసుకోనవసరం లేదు. గాలి రోజున అక్కడ పది నిమిషాలు కూర్చోవడమే కష్టం. వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి టవర్ వైపు వెళ్తుంటే సెయింట్ పాల్స్, టవర్ ఆఫ్ లండన్ ఎడమవైపు వస్తాయి. లండన్ ఐ, టేట్ మోడరన్, గ్లోబ్, షార్డ్ కుడివైపు.

అపోహ: ఎవరికీ లైఫ్ జాకెట్ వేయలేదు, అంటే భద్రత పట్టించుకోరు.

ఈ ప్రశ్న అడిగేవాళ్ళని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని మనవాళ్ళెవరూ మర్చిపోలేదు. లండన్‌కీ అలాంటి చేదు జ్ఞాపకం ఒకటుంది. 1989 ఆగస్టు 20న మార్షనెస్ అనే విహార పడవని ఇసుక తవ్వే పెద్ద ఓడ గుద్దితే 51 మంది చనిపోయారు. దాని మీద జరిగిన విచారణల తర్వాత, 2002లో థేమ్స్ మీద లైఫ్‌బోటు స్టేషన్లు పెట్టారు. వాటర్లూ బ్రిడ్జి పక్కన నీటి మీదే ఒకటుంది, పడవలోంచి మీకు కనపడుతుంది, సిబ్బంది రాత్రింబగళ్ళు అక్కడే ఉంటారు. పెద్ద పడవల్లో లైఫ్ జాకెట్లు లోపలే ఉంచుతారు, అవసరమైతే సిబ్బంది చెప్పగానే వేసుకోవాలి. వేగంగా దూసుకెళ్ళే చిన్న స్పీడ్ బోట్లలో మాత్రం అందరికీ ముందే వేస్తారు. ఎక్కగానే జాకెట్లు ఎక్కడున్నాయని అడగండి, చూపిస్తారు. మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

అపోహ: దీపాల వెలుగులో నదిని చూడాలంటే డిన్నర్ క్రూజే గతి.

జూన్‌లో సూర్యుడు రాత్రి 9 దాటాక అస్తమిస్తాడు కాబట్టి అప్పుడు ఆలస్యంగా నడిచే పడవ వెతుక్కోవాలి. డిసెంబర్‌లో 4 గంటలకి ముందే పొద్దు పోతుంది. సాయంత్రం 5 గంటల మామూలు క్లిప్పర్ ఎక్కినా చీకట్లో నది మొత్తం చూడొచ్చు. లండన్ బ్రిడ్జి నుంచి లాంబెత్ దాకా 9 వంతెనలకి 2021 నాటికి కొత్త దీపాలు అమర్చారు, అవి నెమ్మదిగా రంగులు మారుతుంటాయి. ఆ వెలుగు బాగా కనపడాలంటే క్లిప్పర్‌లో వెనకవైపు బయట సీట్లున్నాయి, అక్కడ కూర్చోండి. గ్లవ్స్ మాత్రం తెచ్చుకోండి, ఫోన్ పట్టుకున్న చెయ్యి రెండు వంతెనలు దాటేలోపే కొంకర్లు పోతుంది.