ఫాల్స్ సీలింగ్ పైన చాలని 60 మిల్లీమీటర్లు

"బిమ్ వాడితే భవనం ఖర్చు నిజంగా తగ్గుతుందా, లేక త్రీడీ బొమ్మ చూపించి క్లయింటును మెప్పించడానికేనా?" అని సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్న ఒక పాఠకుడు అడిగాడు. బిమ్ అంటే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్. గోడ, తలుపు, పైపు లాంటివాటిని గీతలుగా కాకుండా కొలతలు, పదార్థం తెలిసిన వస్తువులుగా కంప్యూటర్లో ముందే కట్టుకోవడం. అమెరికాలో చార్లెస్ ఈస్ట్‌మన్ 1970లలోనే ఈ దారిలో పరిశోధన చేశాడు. చరిత్ర అంతటితో ఆపి ఫాల్స్ సీలింగ్ పైకి వెళ్దాం. జవాబు అక్కడుంది.

ఒక ఆసుపత్రి కారిడార్ అనుకోండి. ఈ అంతస్తు నేల నుంచి పై అంతస్తు నేలకు 3.9 మీటర్లు. ఫాల్స్ సీలింగ్ 2.7 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పైన మిగిలింది 1,200 మిల్లీమీటర్లు. అందులో స్లాబ్, దూలం కలిసి 600 తీసుకుంటాయి. ఏసీ డక్ట్‌కు 350 పోతే మిగిలేది 250. టాయిలెట్ల నుంచి వచ్చే డ్రైనేజీ పైపు లావు 110 మాత్రమే కాబట్టి డక్ట్ కింద సులువుగా పట్టేస్తుందనిపిస్తుంది. కానీ మురుగు పారాలంటే వాటం ఉండాలి. 60కి 1 వాటంతో 12 మీటర్లు నడిస్తే పైపు 200 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. 110, 200 కలిపితే 310. అంటే 60 మిల్లీమీటర్ల చోటు తక్కువ పడుతుంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఏసీ వాళ్ల డ్రాయింగ్ సరైనదే, ప్లంబింగ్ డ్రాయింగూ సరైనదే. పై నుంచి చూసిన ప్లాన్‌లో ఆ పైపు ఒక గీత, అంతే. ప్లంబర్ నిచ్చెన ఎక్కిన రోజున గాని గొడవ బయటపడదు. అప్పటికి డక్ట్ బిగించేసి ఉంటారు. ఇక మొదలవుతుంది టెన్షన్: సీలింగ్ దించాలా, డక్ట్ విప్పాలా, దూలానికి కోర్ కటింగ్ చేయాలా? చివరిది వింటేనే నాకు భయం. ఆ రంధ్రం దూలంలోని ఇనుప చువ్వలను కోసేయవచ్చు.

మోడల్ ఈ గొడవను ముందే ఎలా పట్టుకుంటుందన్నదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. 10,000 వస్తువులుంటే పోల్చాల్సిన జతలు 4,99,95,000. ప్రతి జతనూ నిశితంగా చూడడం దండగ. అందుకే సాఫ్ట్‌వేర్ ప్రతి వస్తువునూ ఒక అట్టపెట్టెలో పెట్టినట్టు ఊహించుకుంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు దిశల్లో దాని మొదలు, చివర అనే ఆరు అంకెలు చాలు. మూడు దిశల్లోనూ పెట్టెలు ఒకదాని మీదికి ఒకటి వస్తేనే ఆ జతను అనుమానిస్తుంది. ఒక దిశలో పెట్టెలను వరుసగా పేర్చి చూస్తే దూరదూరంగా ఉన్న జతలన్నీ ముందే రాలిపోతాయి. వాటంగా పోయే పైపుకు మాత్రం పెట్టె అసలు కంటే చాలా పెద్దదవుతుంది, ఉత్తుత్తి అనుమానాలు వస్తాయి. కాబట్టి రెండో దశలో వస్తువుల ఉపరితలాలను చిన్న చిన్న త్రిభుజాలుగా విడగొట్టి, అవి నిజంగా ఖండించుకుంటున్నాయా అని లెక్కిస్తుంది. వాల్వ్ తిప్పడానికి చెయ్యి పట్టాలంటే? దాని పెట్టెను కాస్త పెంచుతారు. నాలుగు వారాలే నిలిచే పరంజాకు తేదీలున్న పెట్టె ఇస్తారు, ఆ రోజుల్లోనే అది లెక్కలోకి వస్తుంది.

గొడవ దొరికాక ఎవరు పక్కకు జరగాలి? డ్రైనేజీ పైపుకు వాటం తప్పదు కాబట్టి దాన్ని సాధ్యమైనంతవరకు కదిలించరు. కేబుల్ ట్రే ఎటైనా వంగుతుంది, అదే తప్పుకుంటుంది. వాస్తు పేరుతో టాయిలెట్‌ను చివరి నిమిషంలో మూడు మీటర్లు జరపమనేవాళ్లు గమనించాల్సింది ఇదే: అదే వాటంతో ఆ పైపు చివర ఇంకో 50 మిల్లీమీటర్లు దిగుతుంది. దిక్కుల గురించి ఎవరి నమ్మకం ఏదైనా, నీళ్లు పల్లానికే పారతాయి.

పెట్టెలన్నీ పట్టినంత మాత్రాన పని అయిపోదు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ భవనం వివాదం 2011లో వార్తల్లోకి వచ్చింది. సీలింగ్ పైన అన్నీ ఇమిడేలా మోడల్‌లో చక్కగా అమర్చారు. కానీ ఒకే ఒక క్రమంలో బిగిస్తేనే పడతాయి. ఆ క్రమాన్ని కాంట్రాక్టర్‌కు ఎవరూ చెప్పలేదు. దాదాపు 70 శాతం బిగించాక చోటు అయిపోయింది. వ్యవహారం దావా దాకా వెళ్లింది.

ఇక అంకెలు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక కేంద్రం 32 ప్రాజెక్టులు పరిశీలించి, బడ్జెట్‌లో లేని మార్పులు 40 శాతం దాకా తగ్గాయనీ, గొడవలు ముందే పట్టుకోవడంతో కాంట్రాక్టు విలువలో 10 శాతం దాకా మిగిలిందనీ 2007లో చెప్పింది. ఆ "దాకా"ను వదిలేసి అంకె ఒక్కటే ప్రచారం చేయడం నాకు నచ్చదు. అవి గరిష్ఠాలు, సగటులు కావు. అయినా ప్రయోజనం నిజమని నేను నమ్ముతాను. బ్రిటన్ ప్రభుత్వం 2016 నుంచి తన కేంద్ర ప్రాజెక్టులకు బిమ్‌ను తప్పనిసరి చేసింది.

హైదరాబాద్ ఆఫీసుల్లో కూర్చుని విదేశీ ఆసుపత్రులకు, ఎయిర్‌పోర్టులకు మోడళ్లు తయారుచేసే ఇంజనీర్లు చాలామందే ఉన్నారు. మన కోర్సుల్లో మాత్రం ఏ బటన్ నొక్కాలో నేర్పినంత శ్రద్ధగా పైపు వాటం లెక్క నేర్పరు. అది బాధాకరం.

ప్రశ్న అడిగిన తమ్ముడికి ఇంకో మాట: జీ ప్లస్ వన్ ఇంటికి ఇదంతా అక్కర్లేదు. స్లాబ్ వేయకముందే డ్రైనేజీ పైపు దూలాన్ని దాటే చోట కొలతలతో ఒక సెక్షన్ (నిలువుగా కోసి చూసినట్టుండే బొమ్మ) గీసి, ప్లంబర్‌నూ మేస్త్రీనీ పక్కపక్కన నిలబెట్టి చూపించు. స్లీవ్, అంటే పైపు దూరడానికి కాంక్రీటు పోసేముందే వదిలే గొట్టం, ఎక్కడ పెట్టాలో అక్కడే తేలిపోతుంది.