పెరటి గుమ్మం, పంచదార గ్లాసు

చిన్నప్పుడు మా ఇంటికి చుట్టాలొస్తే నాకొక డ్యూటీ ఉండేది. వాళ్లు వీధరుగు దగ్గర చెప్పులు విడుస్తుండగానే అమ్మమ్మ నా చేతిలో స్టీలు గ్లాసు పెట్టి, కళ్లతోనే పెరటి వైపు చూపించేది. పెరటి గుమ్మంలోంచి పక్కింటికి పరిగెత్తి, గ్లాసుడు పంచదార తెచ్చి పొయ్యి పక్కన పెట్టాలి. ఈలోపు ముందుగదిలో అమ్మమ్మ "కూర్చోండి, కాఫీ ఎంతసేపు, ఇదిగో అయిపోయింది" అంటూ ఉండేది. ఇళ్లు చిన్నవి. పెరటి తలుపు గడియ చప్పుడూ, "చాలకపోతే మళ్లీ రారా" అని పక్కింటి అత్తయ్య వేసే కేకా ముందుగదిలోకి శుభ్రంగా వినపడేవి. ఒక్క చుట్టమైనా విన్నట్టు మొహం పెట్టేవాడు కాదు. సరిగ్గా ఆ కేక వినపడ్డప్పుడే ఎవరో ఒకరు వానల సంగతి ఎత్తుకునేవారు.

అమ్మమ్మ నటిస్తోందని నాకు అప్పుడే తెలుసు. చుట్టాలు కూడా నటిస్తున్నారని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇలాంటి చిల్లర సంగతుల్నే సామాజిక శాస్త్రంగా మలిచినవాడు ఎర్వింగ్ గాఫ్‌మన్. 1922లో కెనడాలో పుట్టాడు. షికాగో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తూ, 1949 డిసెంబరులో షెట్లాండ్ దీవుల్లోని అన్‌స్ట్‌కు వెళ్లాడు. బ్రిటన్‌లో మనుషులు నివసించే దీవుల్లో ఉత్తరాన చిట్టచివరిది అది. 1951 మే లోపు మొత్తం మీద ఏడాది పాటు అక్కడ ఉన్నాడు. తను అమెరికా కాలేజీ కుర్రాణ్నని, ద్వీపంలో సేద్యం ఎలా గిట్టుబాటవుతుందో చూద్దామని వచ్చానని ఊరివాళ్లకు చెప్పుకున్నాడు. వేషాల గురించి రాయబోయేవాడు తనూ ఒక వేషం కట్టుకునే దిగాడన్నమాట. అక్కడి చిన్న హోటల్లో మొదట అతిథిగా భోంచేశాడు. తర్వాత అదే హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగే పనికి కుదిరాడు. తెలుగువాడైతే ఇక్కడ ఆగి కాస్త నవ్వుకునేవాడు. గిన్నెకీ పాత్రే, నాటకంలో వేషానికీ పాత్రే కదా మనకు.

ఆ వంటింట్లో ఆయన చూసినవి తర్వాత పుస్తకంలో దాపరికం లేకుండా రాశాడు. వాడకుండా మిగిలిన సూపు మీద ఒక్కోసారి బూజు కట్టేది. పొయ్యి మీద మరుగుతున్న కెటిల్ పైన తడి మేజోళ్లు ఆరేవి. అతిథి "ఫ్రెష్‌గా పెట్టిన టీ" అడిగితే, వారాల తరబడి పాత ఆకు అడుగున అట్టకట్టిన కుండలోనే కాచి పంపేవారు. భోజనాల గదిలో సగం వాడి వదిలేసిన వెన్న ముద్దలు వంటింట్లోకి తిరిగొచ్చి, మళ్లీ గుండ్రంగా చుట్టించుకుని, కొత్త ముద్దల్లా ఇంకో బల్ల మీదికి వెళ్లేవి. (ఈ పేరా చదివి మన టిఫిన్ సెంటర్ల చట్నీ గిన్నె గుర్తొస్తే తప్పు నాది కాదు.)

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం వెన్న కాదు, తలుపు. వంటింటికీ అతిథులు తిరిగే వైపుకీ మధ్య ఉన్న తలుపు గురించి ఆ హోటల్లో రోజూ యుద్ధమే. వడ్డించే అమ్మాయిలకు అది తెరిచి ఉండాలి. రెండు చేతుల్లో ట్రేలతో అటూ ఇటూ తిరగాలి, లోపల ఎవరు తినడం ముగించారో తొంగి చూడాలి. పైగా వాళ్లు ఎలాగూ పనివాళ్లే. పనివాళ్లలా కనపడితే పోయేదేముంది? యజమానులకు అది మూసి ఉండాలి. ఆ దంపతులు కూడా ద్వీపంలోని చిన్నకారు రైతు ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లే. వంటింట్లో ఉన్నంతసేపూ పాత పద్ధతిలోనే మసిలేవారు. కానీ అతిథుల లెక్కలో వాళ్లు మర్యాదస్తులైన హోటల్ ఓనర్లు. ఆ తలుపు రెండంగుళాలు తెరుచుకున్నా ఆ లెక్క తప్పుతుంది. అందుకే ఒకరు కోపంగా ధడాలున మూయడం, ఇంకొకరు అంతే కోపంగా తోసుకుని రావడం దాదాపు ప్రతిరోజూ జరిగేదట. ఒకే తలుపు. దాని విలువ మాత్రం ఎవరికెంత పరువు పణంగా ఉందో దాన్ని బట్టి మారుతోంది.

నాటకాల భాషలో గాఫ్‌మన్ దీన్ని రంగస్థలం, తెరవెనక అన్నాడు. ఆ పుస్తకం 1956లో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం నుంచి మొదటిసారి వచ్చింది. అది చదివి చాలామంది తేల్చుకున్నది "లోకమంతా నాటకమే, ఎవణ్నీ నమ్మకూడదు" అని. నా మటుకు అది పొరపాటు చదువు. ఆయన అంతకంటే సూక్ష్మమైన విషయం చెప్పాడు. ప్రేక్షకులు కూడా తెలివితక్కువవాళ్లు కారు.

అన్‌స్ట్‌లోనే చూడండి. ఇంటికి వస్తున్న మనిషిని లోపలివాళ్లు కిటికీలోంచి గమనించేవారు. దారంతా ఏదో ఆలోచనలో నడిచొచ్చినవాడు సరిగ్గా గుమ్మం చేరబోయే ముందు ఆ మొహం తీసేసి నవ్వు మొహం తగిలించుకుంటాడు. అది చూడటం వాళ్లకొక వినోదం. తనను కిటికీలోంచి చూస్తారని తెలిసిన గడుసువాళ్లు ఇల్లు ఇంకా చాలా దూరముండగానే నవ్వు మొదలుపెట్టేవారు. తిండి దగ్గరా ఇంతే. బయటి నుంచి వచ్చిన అతిథి వంట అద్భుతమంటుంటే ఇల్లాలు చిరునవ్వుతో వినేది. లెక్కలోకి తీసుకునేది మాత్రం ఆ పొగడ్తని కాదు, ఫోర్కు నోటి దాకా ఎంత వేగంగా వెళ్తోందో దాన్ని. మనం నోటితో ఇచ్చే కబురు వేరు, మన చేతుల్లోంచి జారిపోయే కబురు వేరు. ఎదుటివాళ్లు రెండోది చదువుతారు, మొదటిదానికి జవాబిస్తారు.

ఇది పెళ్లిచూపుల్లో కూర్చున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. "స్వీటు మా అమ్మాయే చేసింది" అని అమ్మాయి తల్లి అంటుంది. ఆ కోవా బిళ్లల మీద షాపువాడి అచ్చు ముద్ర కనపడుతూనే ఉంటుంది. అబ్బాయి తల్లి ఇంకొకటి తీసుకుని "చెయ్యి తిరిగిన పనమ్మా" అంటుంది. ఎందుకంటే బయట నిలబెట్టిన కారు వాళ్ల బావగారిది. ఎవరూ మోసపోలేదు, ఎవరి మొహమూ చిన్నబోలేదు. మొహం చెల్లడం, మొహం చాటేయడం, ఏ మొహం పెట్టుకుని వెళ్లడం... ఈ మాటలన్నీ మనకు గాఫ్‌మన్ పుట్టక ముందు నుంచీ ఉన్నాయి.

అయితే తెరవెనక చోటు అందరికీ సమానంగా దక్కదు. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1983లో విమాన సిబ్బంది మీద ఒక పుస్తకం ప్రచురించింది. వాళ్ల నవ్వు కూడా జీతానికి అమ్ముడయ్యే శ్రమేనని, పెదాలతో నవ్వడం ఒక ఎత్తైతే, లోపల నిజంగానే చిరాకు రాకుండా మనసును మలుచుకోవడం ఇంకా పెద్ద ఎత్తని చూపించింది. విమానం దిగాక కనీసం వాళ్లకొక గది ఉంటుంది. పాతకాలపు ఉమ్మడి ఇంట్లో కొత్త కోడలికి అదీ లేదు. ముందుగదిలో చుట్టాలు, వంటింట్లో అత్తగారు, పెరట్లో ఆడపడుచు. మిగిలింది నూతిగట్టు. నీళ్లు తోడుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయే కోడళ్ల మీద ఊళ్లో చాడీలు చెప్పేవారు గానీ, ఆ ఇంట్లో తలుపు లేని తెరవెనక అదొక్కటే.

ఇక మనల్ని అందరూ చూస్తున్నారన్న భయం విషయానికొస్తే, అందులో సగం మన ఊహే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు ఒక సరదా ప్రయోగం చేసి 2000లో ప్రచురించారు. కుర్రకారుకు నామోషీ అనిపించే పాత గాయకుడు బారీ మానిలో బొమ్మున్న టీషర్టు ఒక విద్యార్థికి తొడిగి, మిగతావాళ్లు కూర్చున్న గదిలోకి పంపారు. బయటికొచ్చాక "బొమ్మ ఎంతమంది గుర్తుపట్టి ఉంటారు?" అని అడిగితే, దాదాపు సగం మంది గుర్తుపట్టి ఉంటారని జవాబొచ్చింది. నిజంగా గుర్తుపట్టింది నాలుగో వంతు కూడా లేరు. "నలుగురూ ఏమనుకుంటారో" అని మనం బెంగపెట్టుకునే ఆ నలుగురిలో ముగ్గురు తమ చొక్కా గురించే ఆలోచిస్తుంటారన్నమాట.

మిగిలిన ఆ ఒక్కరు మా అమ్మమ్మ ముందుగదిలో కూర్చున్న చుట్టం లాంటివాళ్లు. చూస్తారు, చూడనట్టు ఉంటారు.

మొన్నామధ్య ఇంటి నుంచే ఒక వీడియో మీటింగులో ఉన్నాను. ఒక సహోద్యోగి వెనకాల పుస్తకాల అలమర, మీద చొక్కా, టై. మాట్లాడుతూ నీళ్ల గ్లాసు కోసం లేచాడు. కింద గళ్ల లుంగీ. అంతలో వెనక నుంచి వాళ్లమ్మగారు కూరగాయల బుట్టతో వచ్చి, "ఒరేయ్, బెండకాయలు వేపుడా, పులుసా?" అని అడిగారు. అతను మ్యూట్ బటన్ వెతుక్కునేసరికే ఆలస్యమైంది. తెర మీద ఇంకా పదకొండు మొహాలున్నాయి. ఒక్కటీ కదల్లేదు. రెండు క్షణాలాగి మా మేనేజర్ గొంతు సవరించుకుని, "మూడో స్లైడులో ఆ అంకెలు ఒకసారి మళ్లీ చూద్దామా?" అంది.