నీళ్ల కింద దాక్కున్న నల్లనేల

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం తూర్పు మధ్యభాగంలో షాంపేన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఉంది. బల్లపరుపు నేల. జులైలో రోడ్డుకి ఒకపక్క మొక్కజొన్న, రెండోపక్క సోయాచిక్కుడు. ఎంతదూరం వెళ్లినా మూడో పంట కనపడడం అరుదు. ఇదంతా పెద్ద ట్రాక్టర్ల మహిమ అనిపిస్తుంది కానీ, అసలు సంగతి తెలియాలంటే మట్టిలోకి దిగాలి.

మట్టి నమూనా తీసే గొట్టాన్ని పల్లపు చోట గుచ్చి పైకి లాగితే మొదట మూర దాకా బొగ్గులాంటి నలుపు వస్తుంది. దాని కింద బూడిదరంగు, అందులో అక్కడక్కడా తుప్పు మరకలు. పైమట్టిని తడిపి వేళ్ల మధ్య రుద్దితే ఇసుక గరగర దాదాపు తెలియదు, మైదాపిండిలా జారుతుంది. ఇంకాస్త పిసికితే బంక తగిలి చిన్న రిబ్బన్‌లా సాగుతుంది. దీని పేరు డ్రమ్మర్. పక్షికీ పువ్వుకీ ఇచ్చినట్టే ఇల్లినాయ్ వాళ్లు 2001లో దీనికి రాష్ట్ర మట్టి హోదా ఇచ్చారు.

నల్లగా ఉంది కదా అని దీన్ని మన రేగడితో పోల్చకూడదు. రేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. అది దాని బంకమట్టి గుణం. నలుపు ఉన్నా అందులో సేంద్రియ పదార్థం సాధారణంగా తక్కువే. డ్రమ్మర్ నలుపు మాత్రం అచ్చంగా కుళ్లిన గడ్డివేళ్ల నలుపు. పైపొరలో సేంద్రియ పదార్థం 5 శాతం అటూఇటూ ఉంటుంది.

అంత గడ్డి ఎక్కడిది? మంచుయుగం చివర హిమానీనదాలు వెనక్కి తగ్గినప్పుడు నదీలోయల్లో మెత్తటి ఒండ్రు ఆరి మిగిలింది. గాలి దాన్ని ఎత్తుకొచ్చి ఈ ప్రాంతమంతా పరిచింది. ఇలా గాలి పరిచిన మట్టిని లోయెస్ అంటారు. అందులో ప్రెయిరీ గడ్డి మొలిచింది. ప్రెయిరీ అంటే చెట్లు పెద్దగా లేని గడ్డి మైదానం. బిగ్ బ్లూస్టెమ్ అనే రకం మనిషి తల దాటి పెరుగుతుంది, వేళ్లు 2 మీటర్లకు పైగా దిగుతాయి. ఏటా కొన్ని వేళ్లు చచ్చి మట్టిలోనే కుళ్లేవి. పల్లంలో నీళ్లు నిలిచి ఉండడంతో గాలి ఆడక కుళ్లడం మందగించేది. వేలాది ఏళ్లు అలా జమ పడుతూ పోయింది. అంటే ఆ నలుపులో నీళ్ల చలవ కూడా ఉంది. కింద పొరలోని బూడిదరంగు కూడా నీళ్ల పనే. గాలి అందక ఇనుము కరిగి జారిపోయిన చోట బూడిదరంగు మిగిలింది, వేరు దారిలో కాస్త గాలి దూరిన చోట తుప్పు పట్టింది.

మొదట వచ్చిన వలసరైతులు ఈ నేల జోలికి పోలేదు. నదుల వెంబడి అడవి అంచుల్లో దిగారు. అక్కడ కట్టె దొరికేది, నేల ఆరి ఉండేది. కానీ అడవి మట్టి పాలిపోయి ఉంటుంది. ఆకు పైనే రాలి పైనే కుళ్లుతుంది కాబట్టి నల్లపొర పలచన. ప్రెయిరీలోనేమో దోమలు, మలేరియా. పోతపోసిన ఇనప నాగలికి ఈ జిగురుమట్టి అంటుకుని అడుగడుగునా గీక్కోవాల్సి వచ్చేది. 1837లో ఇదే రాష్ట్రంలో జాన్ డీర్ అనే కమ్మరి నున్నటి ఉక్కు నాగలి చేశాక ఆ బాధ తప్పింది. కానీ నీళ్ల బాధ పోలేదు.

దానికి విరుగుడు కాల్చిన మట్టిగొట్టాలు. మూడు నాలుగు అడుగుల లోతున వరసగా పూడ్చి, చివరన కాలువలో కలిపారు. ఒక రైతు గొట్టం నీళ్లు పక్క రైతు పొలంలోకే కదా పోయేది! అందుకే 1879లో రైతులంతా కలిసి డ్రైనేజీ జిల్లాలు (పొలాల నీళ్లు బయటికి పంపే పనిని ఉమ్మడిగా చూసుకునే సంఘాలు) ఏర్పాటు చేసుకునేలా చట్టం వచ్చింది. ఇప్పుడు మట్టి బదులు చిల్లుల ప్లాస్టిక్ పైపులు వేస్తున్నారు. ఈ కౌంటీ పంటని పైకి కనపడని ఆ గొట్టాలే మోస్తున్నాయని నా లెక్క.

అయితే నీళ్లు తీసి దున్నగానే గాలి లోపలికి దూరింది, దాచిన సేంద్రియ పదార్థం వేగంగా కుళ్లి తరిగిపోవడం మొదలైంది. ఇది ఇదే కౌంటీలోని అర్బానా ఊళ్లో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ల మారో ప్లాట్లు అనే ప్రయోగ మడుల్లో బాగా తెలుస్తుంది. అక్కడ 1876 నుంచి ప్రయోగాలు నడుస్తున్నాయి. ఒక మడిలో అప్పటి నుంచి ఏటా మొక్కజొన్నే. ఎరువు లేకుండా అదే పంట వేస్తూ పోయిన చోట మట్టీ చిక్కింది, దిగుబడీ చిక్కింది. పంట మార్చిన మడులు అంతకంటే నయంగా ఉన్నాయి. ఆ చేను మీద నీడ పడకూడదని విశ్వవిద్యాలయం పక్కనున్న లైబ్రరీని భూమి లోపలికి కట్టింది. మొక్కజొన్నకి ఇంత మర్యాద ఇంకెక్కడైనా చేశారో లేదో!

సోయా వేర్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. మొక్కజొన్నకి మాత్రం నత్రజని బయటనుంచి పోయాలి. మొక్క తీసుకోగా మిగిలిన నైట్రేట్ (నీటిలో కరిగే రూపంలోని నత్రజని) వాననీటితో పాటు అవే గొట్టాల్లోకి దిగి, వాగులు, నదులు దాటి, మిసిసిపీ మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికో చేరుతుంది. అక్కడ నాచు విపరీతంగా పెరిగి, చచ్చి కుళ్లేటప్పుడు నీటిలో ఆక్సిజన్ లేకుండా చేస్తుంది. చేపలకు ఊపిరాడదు.

మే నెలలో పెద్ద వాన పడిన మర్నాడు చూస్తే పాత మడుగులు ఎక్కడెక్కడ ఉండేవో పొలమే చూపిస్తుంది. గొట్టాలు లాగేలోపు నల్లటి చేలో గుండ్రంగా నీళ్లు మెరుస్తుంటాయి. నాలుగు రోజులు అలాగే నిలిస్తే అక్కడి మొలకలు చచ్చిపోతాయి, రైతు ఆ మేరకు మళ్లీ విత్తనం పోసుకుంటాడు.